వీరుడి పక్కన ఎవరు?

పల్నాడులో వీరుణ్ణి ఒంటరిగా ఎవరూ తలుచుకోరు. బ్రహ్మనాయుడి పేరెత్తితే మాల కన్నమదాసు పేరు రావాల్సిందే. బాలచంద్రుడి పేరెత్తితే అనపోతు పేరు రావాల్సిందే. 1182 ప్రాంతంలో కారంపూడిలో జరిగిన యుద్ధాన్ని మన ప్రాంతపు జనం ఎనిమిది వందల ఏళ్లుగా పాడుకుంటున్నారంటే, అందులో ఎవరు ఎవర్ని నరికారన్నది ఒక్కటే కారణం కాదు. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారన్నది అసలు కారణం. బాలచంద్రుడి వెంట నడిచిన తమ్ముళ్లలో బ్రాహ్మణుడు ఉన్నాడు, చాకలి ఉన్నాడు, మంగలి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు. వాళ్లంతా ఒక్క చాప మీద కూర్చుని తిన్న చాపకూడు కథ చెప్పకుండా పల్నాటి కథ చెప్పినవాడు లేడు. బ్రాహ్మణుడైన అనపోతు యుద్ధంలో చావకూడదని బాలచంద్రుడు ఏదో నెపం పెట్టి అతన్ని వెనక్కి పంపుతాడు. సంగతి తెలిశాక అనపోతు బతకడానికి ఒప్పుకోడు. దోస్తీ అంటే ఏమిటో ఇంతకంటే కటువుగా చెప్పిన కథ మన జిల్లాలో ఇంకోటి లేదు.

ఇప్పుడు పిల్లలు చదివే బొమ్మల పుస్తకాల గురించి మాట్లాడబోతూ ఈ కథ ఎందుకు ఎత్తుకున్నామంటే, బొమ్మల్లో వీరుడి కథ చెప్పడం మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిన విద్య కాదు. దుర్గి నుంచి మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ వెళ్లండి. అక్కడ నాగార్జునకొండ మ్యూజియంలో 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలపు రాతి పలకలున్నాయి. ఒక గడిలో ఒక ఘట్టం, పక్క గడిలో తర్వాతి ఘట్టం. జాతక కథలు, బుద్ధుడి జీవితం అట్లా గడులు గడులుగా నడుస్తాయి. యుద్ధంలో పోయిన సైనికులకు నిలబెట్టిన ఛాయాస్తంభాలు కూడా ఆ లోయలో దొరికాయి. తర్వాతి శతాబ్దాల వీరగల్లులైతే సరేసరి. కింది గడిలో పోరు, మధ్య గడిలో అప్సరసలు మోసుకుపోవడం, పై గడిలో శివలింగం ముందు వీరుడు. చదువు రానివాడు కూడా కింది నుంచి పైకి చదువుకుంటాడు. దుర్గి శిల్పుల ఉలి ఆ వారసత్వాన్ని ఇప్పటికీ వదల్లేదు. దుర్గి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కామిక్సు అనే మాట పుట్టకముందే ఈ నేల మీద కామిక్సు ఉంది, రాతిలో ఉంది.

ఆ రాతి గడుల్లో ముస్లిం లేడని మాకు ఫిర్యాదు లేదు. ఆ కాలానికి ఆ నేలకు మనం ఇంకా రాలేదు. వచ్చిన తర్వాత గీసిన గడుల సంగతే మేం అడుగుతున్నది.

మన వైపు నుంచి కూడా ఒక పెద్ద బొమ్మల పుస్తకం ఉంది. మన పిల్లల్లో నూటికి తొంభైమందికి దాని పేరే తెలియదు. అక్బరు చక్రవర్తి 1562 ప్రాంతంలో మొదలుపెట్టించి సుమారు పదిహేనేళ్ల పాటు గీయించిన హంజానామా అది. మొత్తం 1400 బొమ్మలు. ఒక్కో బొమ్మ రెండడుగులకు పైగా ఎత్తు, బట్ట మీద గీసింది. కథ రాత బొమ్మ వెనకవైపు ఉంటుంది. అంటే బొమ్మను సభ ముందు ఎత్తి పట్టుకుంటే వెనక నిలబడ్డవాడు కథ చదువుతాడన్నమాట. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ సయ్యద్ అలీ, అబ్దుల్ సమద్ ఆ పనికి పెద్దలు. వాళ్ల కింద పనిచేసినవాళ్లలో ఈ దేశపు హిందూ చిత్రకారులు ఎందరో. అక్బరు చిత్రశాలలో పేరు మోసిన దస్వంత్ ఒక పల్లకీ బోయీ కొడుకనీ, గోడల మీద బొమ్మలు గీసుకుంటుంటే పాదుషా కంటపడ్డాడనీ అబుల్ ఫజల్ రాశాడు. ముస్లిం వీరుడి కథకు బోయీల పిల్లవాడు బొమ్మ గీసిన కాలం అది. ఇప్పుడు ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం నాశనమైపోయింది. మిగిలిన కొద్దింటిలో పెద్ద భాగం వియన్నాలో ఉంది, కొంత లండన్‌లో ఉంది. మన పిల్లలు చూడాలంటే వీసా కావాలి.

ఆ కథలో వీరుడు అమీర్ హంజా. ప్రవక్త చిన్నాయన హంజా పేరు మీద, 625లో ఉహుద్ యుద్ధంలో షహీదైన ఆయన చరిత్రతో దాదాపు సంబంధం లేకుండా, శతాబ్దాల తరబడి దాస్తాన్‌గోలు అల్లిన కథ అది. జిన్నులు, పరీలు, మంత్రగాళ్లు, తిలిస్మాలు. హంజా బలవంతుడు, అందగాడు, ధర్మాత్ముడు. నిజం చెప్పాలంటే కాస్త విసుగు పుట్టించే మనిషి. కథనంతా మోసేది అతని దోస్తు అమర్ అయ్యార్. హంజా పుట్టిన రోజే ఒంటెలు తోలేవాడి ఇంట్లో పుట్టినవాడు. ఒకడు మక్కా సర్దారు కొడుకు, ఇంకొకడు కూలివాడి కొడుకు. ఒకే ఇంట పెరిగారు. అమర్ దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది. అందులో ఊళ్లకు ఊళ్లు పట్టేస్తాయి. వేషాలు మారుస్తాడు, గాలికన్నా వేగంగా పరిగెత్తుతాడు, పైసా దగ్గర ప్రాణం పెడతాడు, గురువుల గడ్డాలకు ఎసరు పెడతాడు. బలం హంజాది, బుద్ధి అమర్‌ది. కష్టమొచ్చిన ప్రతిసారీ హంజా వెతికేది దేవదూతను కాదు, అమర్‌ను.

లక్నో నవల్ కిశోర్ ప్రెస్ 19వ శతాబ్దం చివర మొదలుపెట్టి ఈ దాస్తానును ఉర్దూలో 46 సంపుటాలుగా అచ్చేసింది. ప్రెస్సు యజమాని మున్షీ నవల్ కిశోర్ హిందువు. ఈ సంగతి రాసేటప్పుడు మాకేమీ ఆశ్చర్యం లేదు. ఈ రోజుల్లో ఇది చెప్పాల్సి వస్తున్నందుకే ఆశ్చర్యం. ఢిల్లీలో చివరి దాస్తాన్‌గో అని పేరు పడ్డ మీర్ బాఖర్ అలీ 1928లో పోయాడు. ఆ తర్వాత కథ పిల్లల పుస్తకాల్లోకి దిగింది. ఉర్దూ చదివే పిల్లలకు అమర్ అయ్యార్ చిన్న చిన్న పుస్తకాల్లో దొరికాడు.

ఉర్దూ చదివే పిల్లలకు అన్నాం. పల్నాడులో ముస్లిం అంటే అందరూ ఉర్దూ వాళ్లు కాదు. దూదేకుల ఇళ్లలో అమ్మ జోలపాట తెలుగే, తిట్టూ తెలుగే. పేర్లు మస్తాన్, సైదా, నాగుల్‌మీరా, బాజీ. ఇవే పేర్లకు తోకలు తగిలించి పక్కింటి హిందువులూ పెట్టుకుంటారు. మస్తాన్‌రావులూ సైదులుగార్లూ లేని పల్నాటి ఊరు ఏది? ఈ పిల్లవాడికి హంజా అందడు, ఎందుకంటే హంజా ఉర్దూలో ఉన్నాడు. బాలచంద్రుడు అందుతాడు, కానీ అతను మీవాడు కాదు పొమ్మనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. రెండు కథల మధ్య నిలబడ్డ పిల్లవాడు ఏం చేస్తాడు? ఊళ్లో దొరికింది చదువుతాడు.

దొరికింది చందమామ. 1947 జులైలో మొదలై, 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు చేతుల్లో పెరిగిన చందమామకు మన తరాల ముస్లిం పిల్లలూ బాకీ ఉన్నారు. ఆ బాకీని మేం ఎగ్గొట్టం. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికల కోసం నెల నెలా ఎదురుచూడని ఇల్లు లేదు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆయన వీరులు కూడా జంటలే. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. రాతిరథంలోనూ యక్షపర్వతంలోనూ ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడికి కత్తి, ఇంకొకడికి మంత్రదండం. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆగమంటాడు. హంజా, అమర్‌ల జోడీ చదివిన కళ్లకు ఈ జోడీ కొత్తగా కనబడదు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే పాత జానపద బుద్ధి. బలవంతుడికి తెలివైన దోస్తు లేకపోతే రాక్షసుడి గుహ దాటలేడు.

ఖడ్గవర్మ అని దుర్గిలో ఏ హిందూ పిల్లవాడికీ పేరు లేదు కదా, మరి మీకెందుకు పరాయితనం అని మమ్మల్ని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. ఆ పేర్లు ఎవరివీ కావు కాబట్టే ఆ కథల్లోకి మేమూ హాయిగా దూరిపోయాం. రాక్షసుడికి మతం లేదు, అడవికి మతం లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ముస్లిం పేరున్న మనిషి పిల్లల పేజీలోకి వచ్చినప్పుడల్లా బాగ్దాదు నుంచే వచ్చాడు. అలీబాబా, అల్లావుద్దీన్, సింద్‌బాద్. లేదంటే ఢిల్లీ నుంచి వచ్చాడు, బీర్బల్ చేతిలో ఓడిపోయే అక్బరుగా. తలపాగా, మేజోళ్ల మీద ముక్కు తిరిగిన జోళ్లు, చేతిలో గులాబీ. మాచర్ల బస్సు దిగి లుంగీ ఎగగట్టి నడిచే మస్తాన్ ఎక్కడ? పక్కింటివాణ్ణి దూరదేశపువాడిగా బొమ్మ గీయడం ద్వేషం కాదు, మాకు తెలుసు. గీసినవాళ్లు ప్రేమగానే గీశారు. కానీ ఆ బొమ్మ చూసి పెరిగిన పిల్లవాడికి పక్క బెంచీలో కూర్చున్న సైదా కూడా ఎక్కడినుంచో వచ్చినవాడిలాగే కనబడితే ఆ తప్పు పిల్లవాడిదా?

1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర చిత్ర కథలు కూడా ఈ దారే పట్టాయి. అక్బరు మీద, చాంద్ బీబీ మీద, సుల్తానా రజియా మీద పుస్తకాలు వేశారు. మంచిదే. అయితే అక్కడ మంచి ముస్లిం కావాలంటే సింహాసనం ఉండాలి. రాజ్‌పుత్, మరాఠా వీరుల పుస్తకాలు తెరిస్తే ఎదురుగా గడ్డాల సైన్యం, కోపపు కళ్లు. చరిత్రలో మొగలు సైన్యంలో రాజ్‌పుత్‌లున్నారు, మరాఠాల సైన్యంలో ముస్లింలున్నారు. గడి చిన్నది కాబట్టి అంత సంగతి పట్టలేదంటారు. హంజానామా గడి రెండడుగులు, అందులో పట్టింది.

అమెరికా వీరులు కూడా మనకు ఆ రోజుల్లోనే వచ్చారు. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 నుంచి 1990 దాకా ఇంద్రజాల్ కామిక్స్ పేరుతో ఫాంటమ్‌నూ మాండ్రేక్‌నూ అచ్చేశారు. వాటి కోసం రైల్వే బుక్‌స్టాళ్ల ముందు నిలబడ్డ తరం మాది కాకపోయినా మా అన్నలది. మాండ్రేక్ దోస్తు లోథార్. ఆఫ్రికా రాకుమారుడట. మొదట్లో మాత్రం చిరుతపులి తోలు కట్టుకుని, వచ్చీరాని మాటలతో, తెల్లవాడి బరువు మోసే బంటు. ఫాంటమ్ చుట్టూ నల్ల మరుగుజ్జు బందార్లు. ముసుగు వెనక తెల్లవాడు, అతన్ని దేవుడనుకునే నల్లవాళ్లు. దీన్ని దోస్తీ అనొచ్చా? దోస్తీలో ఒకడు ఎప్పుడూ గుర్రమ్మీద, ఇంకొకడు ఎప్పుడూ కాలినడకన ఉంటే దానికి వేరే పేరుంది. మన తెలుగు సినిమాలో హీరోకు ముస్లిం స్నేహితుడు ఉన్నప్పుడు కూడా ఇదే వరస. ఇంటర్వెల్‌కు ముందు హీరో కోసం ప్రాణమిస్తాడు. చచ్చిపోతూ మత సామరస్యం గురించి రెండు మాటలు చెప్తాడు. బతికి క్లైమాక్సులో గెలిచిన దోస్తును వేళ్ల మీద లెక్కపెట్టాలి. అనపోతు చచ్చాడంటే తన పౌరుషం కోసం చచ్చాడు, కథలో వాడి అవసరం తీరిపోయిందని కాదు.

పెద్దల సాహిత్యంలో ఈ సంగతి మనవాళ్లు గట్టిగానే అడిగారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. ముస్లింవాద కవిత్వ సంకలనం 'జల్‌జలా' 1998లో వచ్చింది. ఆ దశాబ్దం చివర్లోనే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కావలి సందుల్లోంచి ఒక ముస్లిం పిల్లవాణ్ణి, వాడి అమ్మానాన్నల్నీ దోస్తుల్నీ తెలుగు కథలోకి నడిపించుకొచ్చాయి. వాడు బాగ్దాదు నుంచి రాలేదు. కానీ అవి పెద్దలు చదివే పేజీలు. పిల్లల పేజీకి, ముఖ్యంగా బొమ్మల పేజీకి ఆ గాలి తగల్లేదు. ఈ విషయంలో మా రచయితల్ని కూడా మేం అడుగుతాం. కవిత్వం రాసినంత కసిగా పిల్లల కథ ఎందుకు రాయలేదు? పిల్లల కథ చిన్న పని అనుకున్నామా?

ఆ ఖాళీలోకి భీమ్ వచ్చాడు. రాజీవ్ చిలక హైదరాబాదులో 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ 2008లో ఛోటా భీమ్‌ను పోగో ఛానల్‌కు తెచ్చింది. తర్వాత బొమ్మల పుస్తకాలూ వచ్చాయి, సంచీల మీద, పెన్సిలు డబ్బాల మీద బొమ్మలూ వచ్చాయి. ఢోలక్‌పూర్ అనే ఊరు, లడ్డు తింటే కొండంత బలం వచ్చే తొమ్మిదేళ్ల పిల్లవాడు, వాడి జట్టు. చుట్కీ, రాజు, మాట్లాడే కోతి జగ్గు. ఎప్పుడూ కుళ్లుకునే కాలియా, వాడి వెంట ఢోలు భోలు. దోస్తీ మీద నడిచే కథే. కాలియా ఎంత కుళ్లుకున్నా ఆపదలో భీమ్ వాణ్ణి వదిలేయడు. ఇందులో మంచి ఉంది, కాదనం. మన ఇళ్లలో పిల్లలు కూడా రోజా విడిచే వేళకు టీవీ ముందు అదే చూస్తుంటారు. ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. ఈ బొమ్మ తయారైంది చార్మినార్ ఉన్న ఊళ్లో. సందుకొక మసీదూ, సందుకొక గుడీ ఉన్న ఊళ్లో. ఆ ఊళ్లో కూర్చుని ఊహించిన జట్టులో కోతికి చోటుంది, మన పిల్లవాడికి లేదు. పాత బస్తీలో గాలిపటాలు ఎగరేసే పిల్లల్లో ఒకణ్ణి ఢోలక్‌పూర్‌లో దించితే కథకు ఏం నష్టం? కావాలని తీసేశారని మేం అనడం లేదు. గుర్తుకు రాలేదు, అంతే. గుర్తుకు రాకపోవడం గురించే ఈ వ్యాసమంతా.

బయటి దేశాల్లో ఈ ఖాళీని కొందరు పూడ్చబోయారు. కువైట్‌కు చెందిన నాయిఫ్ అల్ ముతవ్వా 2006లో 'ది 99' అనే కామిక్సు మొదలుపెట్టాడు. అల్లాహ్ 99 గుణనామాల్లోంచి ఒక్కో గుణం తీసుకుని ఒక్కో యువతీ యువకుడికి ఇచ్చాడు. 1258లో బాగ్దాదు నాశనమైనప్పుడు చెదిరిపోయిన జ్ఞానమంతా రత్నాల్లోకి చేరిందనీ, ఆ రత్నాలు దొరికిన పిల్లలు దేశదేశాల్లో ఉన్నారనీ కథ. వాళ్లు కలిసి పనిచేస్తేనే బలం. 2010లో సూపర్‌మాన్, బాట్‌మాన్‌ల జట్టుతో వీళ్లను కలిపి కూడా పుస్తకాలు వేశారు. ఆలోచన గొప్పది. 2014లో సౌదీ ముఫ్తీలు దాని మీద ఫత్వా ఇచ్చారు, అది మన ఇంటి గొడవ. ఫత్వా సంగతి పక్కనపెట్టినా మాకు ఒక అసంతృప్తి ఉంది. అందులో ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక సుగుణానికి ప్రతినిధి. ప్రతినిధికి ఆకలేయదు, అబద్ధమాడడు, పైసా దగ్గర కక్కుర్తి పడడు. అమర్ అయ్యార్ దాంట్లో చేరాలంటే సర్టిఫికెట్ దొరకదు.

2014లో మార్వెల్ వాళ్లు తెచ్చిన కమలా ఖాన్ ఇంకో రకం. సనా అమానత్, జి. విల్లో విల్సన్ కలిసి ఊహించిన పాకిస్తానీ అమెరికన్ పిల్ల. జెర్సీ సిటీలో ఉంటుంది, పదహారేళ్లు. అమ్మకు భయపడుతుంది, అబద్ధాలాడుతుంది, సూపర్‌హీరోల మీద పిచ్చి కథలు రాసుకుంటుంది. బలం వచ్చిన మొదటిరోజు తన రూపం నచ్చక బంగారు జుట్టు తెల్లపిల్లగా మారిపోతుంది. తర్వాత తన మొహంతోనే నిలబడటం నేర్చుకుంటుంది. ఆమె రహస్యం తెలిసినవాడు బ్రూనో అనే క్రైస్తవ పిల్లవాడు. కిరాణా కొట్లో పనిచేస్తుంటాడు. ఆమె సాగే చేతులకు చిరగని బట్ట కనిపెట్టి పెడతాడు. చూశారా, ఇక్కడ వీరుడి స్థానంలో ముస్లిం పిల్ల ఉంది, తెలివైన దోస్తు స్థానంలో ఇంకొకడున్నాడు. హంజా, అమర్‌ల జోడీ తిరగేసి నిలబెట్టారు. మొదటి సంపుటానికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. ముస్లిం పిల్లను వీరురాలిగా ఊహించడానికి అమెరికా దాకా వెళ్లాల్సి రావడం మాత్రం మనకు గర్వకారణం కాదు.

అంతదూరం పోనక్కర్లేని ఒక మనిషి పేరు చెప్పి ముగిస్తాం. ఆబిద్ సుర్తీ. 1935లో గుజరాత్‌లో పుట్టి, బొంబాయి డోంగ్రీలో పేదరికంలో పెరిగిన ముస్లిం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రైల్లో పోతున్న తెల్ల సైనికులు విసిరేసిన కామిక్సు పుస్తకం కోసం పిల్లలంతా ఎగబడితే, తన చేతికి చిరిగిన ఒక్క కాగితం దక్కిందనీ, ఆ కాగితం మీది మిక్కీమౌస్‌ను చూసే బొమ్మలు నేర్చుకున్నాననీ ఆయనే చెప్పుకున్నాడు. ధర్మయుగ్ పత్రికలో ఆయన గీసిన డబ్బూజీ ఏళ్ల తరబడి నడిచాడు. 1976లో ఇంద్రజాల్ కామిక్స్‌కు ఒక భారతీయ వీరుడు కావాల్సి వచ్చినప్పుడు ఆ వీరుణ్ణి సృష్టించింది ఈయన. పేరు బహదూర్. బొమ్మలు గోవింద్ బ్రాహ్మణియా గీశాడు.

బహదూర్‌కు ముసుగు లేదు, లోపలి చొక్కా మీద గుర్తు లేదు. కుర్తా, జీన్స్ ప్యాంటు. చంబల్ లోయ బందిపోటు కొడుకు. తండ్రిని చంపిన పోలీసు అధికారి విశాల్ మీద పగతో ఉన్నవాడు. ఆ విశాలే వాణ్ణి చేరదీస్తాడు. తండ్రి ఎట్లాంటివాడో తెలిసొచ్చాక బహదూర్ పగ వదిలి, ఊరి జనంతోనే రక్షణ దళం కట్టి బందిపోట్లను ఎదిరిస్తాడు. పక్కన బేలా ఉంటుంది, వెనక కాదు, పక్కన. చంపినవాడికీ, చచ్చినవాడి కొడుక్కీ మధ్య దోస్తీ కుదిర్చిన కథ అది. నాయుళ్ల పగలూ ముఠాల పగలూ తెలిసిన మన పల్నాడులో దాని బరువు ఎంతో వేరే చెప్పాలా? ఆ వీరుణ్ణి రాసింది ముస్లిం అని చదివిన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వీరుడు హిందువు. పేరు మాత్రం ఫారసీ. బహద్దూర్ అనే మాట తెలుగువాళ్లు కూడా ఎన్నో ఏళ్లుగా తమ మాటే అనుకుని వాడుతున్నారు, దోస్తు అనే మాటలాగే.

సుర్తీ 2007లో ముంబై పక్కన మీరా రోడ్‌లో ఇంకో పని మొదలుపెట్టాడు. ప్రతి ఆదివారం ఒక ప్లంబరును వెంటబెట్టుకుని అపార్టుమెంట్లకు వెళ్లి, తలుపు తట్టి, మీ ఇంట్లో కారుతున్న కుళాయి ఉందా అని అడుగుతాడు. ఉంటే పైసా తీసుకోకుండా బాగుచేయిస్తాడు. ఎవరింటి తలుపన్నది చూడడు. సంచి ప్లంబరు చేతిలో ఉంటుంది.